ఆదివారం పట్టిన ఆరె

గుండ్లకమ్మ ఏటికి కాస్త ఎగువన, బావుల మీద కపిలలు ఆడే రోజుల్లో, ఒక ఊళ్లో తోలుపని చేసే అతను ఉండేవాడు. ఊరందరికీ చెప్పులు కుట్టేది అతనే, కపిలబానలు కట్టేదీ అతనే. పచ్చితోలును సున్నంలో ఊరవేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క వేసిన లందలో రోజుల తరబడి నానబెట్టి తీసేవాడు. అతని చేతి తోలు ఎన్ని వానలకు తడిసినా చివికేది కాదని ఆసాములు చెప్పుకునేవాళ్లు. ఏడాదికోసారి కళ్లం దగ్గర కొలిచే గింజలే కూలి. జాతర వచ్చిందంటే తప్పెట కొట్టాల్సిందీ ఆ ఇల్లే.

ఒక ఏడు తోళ్లు కొనడానికి దూరపు సంతకు పోయి, అనుకున్నదానికన్నా ఆలస్యంగా తిరిగొచ్చాడు. సంత వెనక చింతతోపులో ఎవరో యేసు కథ చెబుతుంటే విన్నాడట. ఆ రాత్రి అక్కడే పడుకుని మర్నాడు మళ్లీ విన్నాడట. కొన్నాళ్లకు భార్యాభర్తలిద్దరూ బాప్తిస్మం పొందారు, భార్య తమ్ముడు కూడా వాళ్లతోపాటే. ఆ తర్వాత మూడు పనులు మానేశారు. చచ్చిన గొడ్డు మాంసం ముట్టలేదు. జాతరకు తప్పెట పట్టలేదు. ఆదివారం కూలికి పోలేదు.

ఊరు ముందు విస్తుపోయింది, కోప్పడింది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వించడానికి ఒక మాటకారి ఉన్నాడు. పది ఎకరాల ఆసామి, మనసు చెడ్డది కాదు గానీ నోరు ఊరుకోదు. సాయంత్రం రచ్చబండ మీద అతను గొంతు సవరించుకుంటే చాలు, జనం దగ్గరికి జరిగేవాళ్లు.

“ఏరా, మీ దేవుడు నీళ్ల మీద నడిచాడంట గదా! ఒక్కసారి మా బావి దాకా రమ్మనరాదూ? దిగి నాలుగు కడవలు అందిస్తే మాకీ కపిల బాధ తప్పుద్ది.”

ఇంకోరోజు ఇంకోటి. “ఆయన వడ్లపనోడు, వీడు తోలుపనోడు. మేకులు ఆయనయ్యి, తోలు వీడిది. ఇంక చెప్పుల కొట్టుకి ఏం తక్కువ?”

రచ్చబండ గొల్లుమంది. తోలుపనివాడు నిలబడి విన్నాడు. “అవునయ్యా, ఆ మేకులు ఆయనయ్యే” అన్నాడు నిదానంగా. అని, కుట్టి తెచ్చిన చెప్పులు ఆసామి కాళ్ల దగ్గర పెట్టి ఇంటికి పోయాడు.

బావమరిది మాత్రం తట్టుకోలేకపోయాడు. బావి దగ్గర, సంతలో, దారిలో ఎక్కడ కనబడినా ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవాళ్లు. రెండో జాతర నాటికి తప్పెట మెడకు తగిలించుకున్నాడు. “నవ్వే నోళ్లు ఎన్నని మూయగలం బావా?” అన్నాడు. బావ అతన్ని తిట్టలేదు, రాకపోకలు మానలేదు. అన్నం వేళకి వస్తే ఎప్పటిలాగే కంచం పెట్టించాడు.

కొడుకుది ఇంకో దారి. ఒంగోలు బంగళాలో అయ్యగారి బడిలో చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఈ మాటలు చెవిన పడి ఒళ్లు మండేది. ఒకసారి రచ్చబండ మీద వాళ్లందరి దేవుళ్ల గురించీ ఒక్కొక్కటే ఎగతాళి మాటలు కూర్చుకుని, రేపు పోయి అనేస్తానని తండ్రికి వినిపించాడు. తండ్రి పని ఆపి మొత్తం విన్నాడు.

“వాళ్ల దేవుళ్ల జోలి నీకెందుకురా?”

“వాళ్లు మన దేవుణ్ణి అనట్లా నాయనా?”

“అంటున్నారు. వాళ్లన్నారని నువ్వూ అన్నావనుకో, నీకు ఈ మాటలు నేర్పింది ఎవరంటావు? ఒంగోలు అయ్యగారా, మన ఊరి రచ్చబండా?”

కొడుక్కి మాట తోచలేదు. కోపం మాత్రం పోలేదు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. చెరువు అడుగు నెర్రెలు విచ్చింది. మాటకారి బావిలో మటుకు నీళ్లున్నాయి, ఆ నీళ్ల మీదే అతని రాగిచేను ఆధారపడి ఉంది, అతని గొడ్లూ వాటి మీదే. ఒక శనివారం పొద్దుగూకే వేళ బాన తొండం అతుకు దగ్గర పుటుక్కుమని, నిలువునా చిరిగిపోయింది. ఇంకో బాన లేదు. పక్క ఊళ్లో తోలుపనివాడు బంధువుల ఇంటికి పోయాడు. తెల్లవారితే ఆదివారం.

మాటకారి తను రాలేదు. చీకటితోనే పాలేరును పంపాడు. పాలేరు నీళ్లు నమిలాడు: “ఆసామి అడిగి రమ్మన్నాడు... వస్తావో రావోనని.”

కొడుకు ముఖం వెలిగిపోయింది. “ఇయ్యాల ఆదివారం, రాడని చెప్పు” అన్నాడు గట్టిగా, పేటంతా వినపడేట్టు. తండ్రి అప్పటికే చూరులోంచి సంచి తీస్తున్నాడు. ఆరె, రంపె, నానబెట్టి ఉంచిన వార్లు, ఒక తోలు ముక్క, ఆముదం బుడ్డి.

“నాయనా, ఆదివారం!”

“నాకు తెలుసురా.”

“పోతే నవ్వుతారు. మొన్నటిదాకా ఆదివారం ఆదివారమని మిడిసిపడ్డాడు, గింజలు గుర్తొచ్చేసరికి పరిగెత్తుకొచ్చాడంటారు.”

“అంటారు.”

“పోకపోతే మన మాట నిలబడుద్ది.”

“పోకపోయినా ఏదో ఒకటి అంటారు. ఆ సంగతి పక్కన పెట్టు. రాత్రి నుంచీ ఎద్దులకి నీళ్లు లేవంటున్నాడు పాలేరు.”

బావి గట్టున చాప కూడా లేకుండా కూర్చున్నాడు. చిరుగు అంచులు రెండూ నీళ్లతో తడిపి మెత్తబరిచాడు. తోలు ముక్కను రంపెతో చిరుగుకన్నా రెండు వేళ్లు ఎక్కువ ఉండేట్టు కోసి, అంచు పలచగా చెక్కాడు, అతుకు ఎత్తుగా ఉంటే అక్కడే మళ్లీ రాపిడికి తెగుతుందని. ఆరెతో పొడిచి, ఒకే రంధ్రంలోంచి రెండు వార్లు ఇటునుంచి ఒకటి అటునుంచి ఒకటి దూర్చి, కాలి బొటనవేలితో బాన అంచు తొక్కిపట్టి లాగాడు. ప్రతి కుట్టుకూ లాగి, రాయి మీద పెట్టి కొట్టి, మళ్లీ పొడిచాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కుట్టు పూర్తయింది. ఆముదం పట్టించాడు.

మాటకారి తాటిమట్ట గొడుగు కింద నిలబడే ఉన్నాడు, నోరు కట్టేసుకోలేకపోయాడు. “ఏరా, ఇయ్యాల మీ దేవుడు నీకు సెలవిచ్చాడా?”

“కూలి తీసుకోనయ్యా ఇయ్యాల. కళ్లం దగ్గర దీనికని గింజలు కొలవబాకండి.”

బాన బావిలోకి దిగింది. ఎద్దులు వాటంగా కిందికి నడిచాయి, మోకు బిగుసుకుంది, బాన పైకొచ్చి తొండం లోంచి నీళ్లు తొట్టిలోకి దూకాయి. కుట్టు దగ్గర చుక్క కారలేదు. గొడ్లు తాగుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. పాలేర్లు కాలవ మళ్లించడానికి చేలోకి పోయాక మాటకారి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“సరేగానీ, ఆ మేకులు కొట్టేటప్పుడు మీ దేవుడు ఏమన్నాడురా?”

“కొట్టేవాళ్లను క్షమించమన్నాడయ్యా. వాళ్లేం చేస్తున్నారో వాళ్లకి తెలీదన్నాడు.”

“ఎందుకు అట్టా అన్నాడు?”

“అదంతా చెప్పగలిగినంత చదువు నాకు లేదయ్యా. నాకు తెలిసిందల్లా, ఆ మాటలో నేనూ ఉన్నాననిపించింది.”

ఆ సాయంత్రం పేటలో ప్రార్థన నడిపే పెద్దాయన కూడా నిలదీశాడు, ఆదివారం ఆరె పట్టావంట గదా అని. గోతిలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినమైనా పైకి తీస్తారు గదా అని ప్రభువు అడిగిన సంగతి మీరే చదివి వినిపించారు గదా అన్నాడు ఇతను. పెద్దాయన కాసేపు ఆలోచించి తలూపాడు.

మాటకారి మారాడా? మంగళవారం రచ్చబండ మీద కొత్త మాట పుట్టింది. “వీడి దేవుడు ఆదివారం కూలి లేకుండా పని చేయిస్తాడంటరా! ఆసాములకి ఇంతకన్నా మంచి దేవుడు యాడ దొరుకుతాడు?” జనం నవ్వారు. తోలుపనివాడు అటుగా పోతూ విన్నాడు, “అవునయ్యా” అన్నాడు. వెనక వస్తున్న కొడుకు ఈసారి పళ్లు కొరకలేదు. ఇంటికొచ్చి తండ్రి పక్కన కూర్చుని వార్లు కోయడం మొదలుపెట్టాడు.

నీతి

ఆ తోలుపనివాడు వాదనలో గెలవలేదు, ఊరి నవ్వూ ఆగలేదు. అయినా దీన్ని నిబ్బరమైన విశ్వాసపు కథ అంటున్నాను. అతను ఆ ఆదివారం చేసినదీ, అంతకుముందు ఆదివారాలు చేయనిదీ, ఎవరూ నవ్వకపోయినా అలాగే చేసి ఉండేవాడు. బావమరిది నవ్వుకు లొంగి తప్పెట పట్టాడు. కొడుకు నవ్వుకు ఎదురొడ్డాలని ఎద్దులను దాహంతో ఉంచబోయాడు. ఒకరు పిరికి, ఒకరు ధీరుడు అనిపిస్తుంది గానీ, ఇద్దరూ ఏం చేయాలో తేల్చింది రచ్చబండే.

ఈ రెండు తప్పులనూ ఒకే రాత్రి చేసిన మనిషి సువార్తల్లోనే ఉన్నాడు. గెత్సేమనే తోటలో పేతురు కత్తి దూసి ప్రధాన యాజకుని దాసుడి చెవి నరికాడు. కొన్ని గంటల తర్వాత, చలిమంట దగ్గర ఒక పనిపిల్ల “నువ్వూ ఆయనతో ఉన్నవాడివే” అనగానే ఆయనెవరో నాకు తెలియదన్నాడు. కత్తులు పట్టుకొచ్చిన గుంపు ముందు నిలబడ్డవాడు ఒక పిల్ల మాట ముందు నిలబడలేకపోయాడు. ఎగతాళి చేసే హాని ఎంతటిదో తెలియనివాళ్లు ఈ ఘట్టం మళ్లీ చదవాలి. హాస్టల్లో నలుగురు నవ్వారని ప్రార్థన మానేసిన పిల్లవాణ్ణి పిరికివాడని తీసిపారేసే పెద్దలకు కూడా ఇదే చెబుతాను. పేతురంతటివాడే పడిపోయాడు. ఆయన్ని ప్రభువు తిరిగి నిలబెట్టుకున్నాడు, మందను కూడా అప్పగించాడు.

ఆ రాత్రి తెల్లవారాక యేసుకు ఊదారంగు వస్త్రం తొడిగారు, ముళ్లతో కిరీటం అల్లి పెట్టారు, చేతికి రెల్లు ఇచ్చి మోకరించి నవ్వారు. శిలువ మీద యూదుల రాజు అని హెబ్రీ, లాటిన్, గ్రీకు భాషల్లో పలక పెట్టారు. క్రైస్తవుడు ఆరాధించేది ఇలా నవ్వులపాలైన ప్రభువును. కాబట్టి ఎగతాళి ఎదురైతే దారి తప్పామని భయపడక్కరలేదు. ఆయన నడిచిన దారిలో అదీ ఉంది.

రోములో పాలటైన్ కొండ మీద 1857లో తవ్వకాల్లో ఒక ఇంటి గోడ బయటపడింది. దాని గార మీద ఎవరో గీసిన బొమ్మ ఉంది. శిలువ మీద ఒక మనిషి, అతనికి గాడిద తల. కింద ఒకతను చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. గ్రీకులో వంకరటింకర అక్షరాలు: అలెక్సామెనోస్ తన దేవుణ్ణి ఆరాధిస్తున్నాడు. ఇంచుమించు 200వ సంవత్సరం నాటిదని పండితులు లెక్కగడతారు. శిలువను చూపించే అతి పాత బొమ్మల్లో ఇదొకటి, గీసింది మాత్రం వెక్కిరించడానికి. ఆ ఇంట్లోనే మరో గదిలో వేరే చేతివ్రాతతో, లాటిన్‌లో, అలెక్సామెనోస్ విశ్వాసి అని రాసి ఉంది. తిట్టు లేదు, ఎదురు బొమ్మ లేదు. గాడిద తల తీసేస్తే ఆ మొదటి గోడ మీది వాక్యం కూడా నిజమే గదా. అతను నిజంగానే శిలువ వేయబడినవాణ్ణి ఆరాధించాడు.

దాదాపు అదే కాలంలో, 178 ప్రాంతంలో, సెల్సస్ అనే గ్రీకు పండితుడు క్రైస్తవం మీద ఒక పుస్తకం రాశాడు. ఉన్నివడికేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, చదువురాని మోటువాళ్లు ఇళ్లలో దూరి పిల్లలకూ ఆడవాళ్లకూ ఈ మతం నూరిపోస్తున్నారని వెక్కిరించాడు. చెప్పులు కుట్టేవాళ్ల మీద ఈ చిన్నచూపు ఎంత దూరం వచ్చిందో చూడండి. 1809లో ఇంగ్లండులో సిడ్నీ స్మిత్ అనే మతాచార్యుడే ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో సేరంపూర్ మిషనరీలను చెప్పులు కుట్టే పవిత్రుల గుంపని ఎద్దేవా చేశాడు. ఆ గుంపులో విలియం కేరీ ఉన్నాడు, నిజంగానే చెప్పులు కుట్టి బతికినవాడు. గవర్నర్ జనరల్ ఇంటి విందులో ఒక అధికారి, కేరీ ఒకప్పుడు బూట్లు తయారుచేసేవాడట గదా అని అతనికి వినపడేలా అన్నాడని, కేరీ వెంటనే, కాదండీ, పాతవాటికి అతుకులు వేసేవాణ్ణి మాత్రమే అని బదులిచ్చాడని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. నా కథలో తోలుపనివాడి “అవునయ్యా” అలాంటిదే. తన గురించి దాచుకోవలసింది ఏమీ లేనివాణ్ణి ఏమని కించపరుస్తారు? అదే కేరీ 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు, సేరంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన వెలువడింది.

మన ఒంగోలు సీమలో ఈ విశ్వాసం ఊళ్లకు పాకింది కూడా తోలుపని చేసిన చేతుల మీదుగానే. మాదిగ కులానికి చెందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ సువార్త విని, 1866లో బాప్తిస్మం పొందాడు. మరుసటి ఏడు జనవరిలో ఆయన ఊరు తాళ్లకొండపాడు దగ్గర మిషనరీ జాన్ క్లౌ 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. చచ్చిన గొడ్డు మాంసం, విగ్రహాల కొలుపు, ఆదివారం పని, ఈ మూడూ మానాలన్నది అక్కడి విశ్వాసులు నిజంగా పెట్టుకున్న నియమమే. దానికి ఊళ్లు వాళ్లను పనుల్లోంచి తీసేశాయి, నీళ్లకు అడ్డుపడ్డాయి. ఎగతాళి అక్కడ నోటిమాటతో ఆగలేదు, పొట్ట మీదికి వచ్చింది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అయితే ఆ సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం ఎవరూ ఈ దారి పట్టకూడదని. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూటి కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కూలీ గింజలూ ఆగిపోయిన తర్వాత నదిలోకి దిగిన వాళ్లకు ఆ నిందతో పనేమిటి?

ఈనాటి మాటకొస్తే, కాలేజీలో, ఆఫీసు క్యాంటీన్‌లో అన్నం ముందు కళ్లు మూసుకోవాలా వద్దా అని మన పిల్లలు తటపటాయిస్తారు. గొర్రెబిడ్డలని పిలుస్తారని బాధపడతారు. యోహాను సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు తనవాళ్లను పిలిచింది అలాగే గదమ్మా, అంటాను నేను. ప్రార్థన చేసే అలవాటు ఉంటే చేయండి. ఎవరో చూస్తున్నారని మానొద్దు, ఎవరో చూడాలని చేయొద్దు. మనల్ని చూసి నవ్వినవాళ్ల దేవుళ్ల మీద జోకులు వేయడం మాత్రం క్రైస్తవం కాదు. ఆ పని మనవాళ్లు కొందరు వేదికల మీద చేస్తుంటే నాకు సిగ్గేస్తుంది. ఇంకొకటి కూడా ఉంది. కానుకల పేరుతో సొమ్ము చేసుకునే బోధకుణ్ణి చూసి లోకం నవ్వితే అది హింస కాదు, ఆ నవ్వులో న్యాయం ఉంది, తలొంచి వినాలి.

నవ్వు వేరు, ప్రశ్న వేరు. మాటకారి బావి గట్టున గొంతు తగ్గించి అడిగింది ప్రశ్న. దానికి తెలిసినంత చెప్పాలి, తెలియనిది తెలియదనాలి. పేతురే తర్వాతి కాలంలో తన ఉత్తరంలో, మీ నిరీక్షణకు కారణం అడిగేవాళ్లకు సాత్వికంతో, మర్యాదతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని రాశాడు. చెవి నరికిన చేతి నుంచి ఆ మాట రావడానికి ఆయన ఎంత దూరం నడిచి ఉంటాడో!

సెల్సస్ పుస్తకానికి జవాబు రాయమని 248 ప్రాంతంలో క్రైస్తవ పండితుడు ఆరిజెన్‌ను స్నేహితుడు అంబ్రోస్ అడిగాడు. ఆరిజెన్‌కు మొదట ఇష్టం లేదు. అబద్ధ సాక్షుల ముందు యేసు మౌనంగా ఉన్నాడనీ, ఆయన జీవితమే జవాబనీ ముందుమాటలో రాసుకున్నాడు. అయినా, ఆ మాటలకు కదిలిపోయే బలహీనులు ఉంటారని ఎనిమిది భాగాల గ్రంథం రాశాడు. ముందు సెల్సస్ మాటలు ఎత్తి రాసి, తర్వాత వాటికి జవాబు చెప్పాడు. చెప్పులు కుట్టేవాళ్ల మీద వేసిన ఎత్తిపొడుపును కూడా వదలకుండా రాసిపెట్టాడు. సెల్సస్ పుస్తకానికి ఒక్క ప్రతి కూడా ఈనాడు మిగల్లేదు. క్రైస్తవుల గురించి అతను ఏమన్నాడో మనం చదవగలుగుతున్నది ఆరిజెన్ పుటల్లోనే.